లెక్క కోసం ఒక మెట్టు

మా అమ్మాయి ఇంజనీరు ముద్రతో నేను కూర కజ్జికాయల్లాంటి ఎంపనాడాల అంచులు నొక్కిన మాట నిజమే. ఊరంతా చెప్పుకుంటున్నదే, ఇక దాచేదేముంది? అసలు ఆ ముద్ర చూస్తే ఎవరికైనా అదే బుద్ధి పుడుతుంది. ఇనప పిడి, దాని నోట్లో రెండు గుండ్రటి బిళ్లలు. మధ్యలో కాగితం పెట్టి నొక్కితే అక్షరాలు ఉబ్బుకొస్తాయి. ఆ పొద్దున నేను అంచులు నొక్కే ఫోర్కు ఎవడెత్తుకుపోయాడో కనపడలేదు, ఇది కనపడింది. కడిగే వాడాను, నేనేమీ అంత మురికిదాన్ని కాదు. మధ్యాహ్నం నా లోమీ నూడుల్స్ కొట్టుకొచ్చిన ట్రైసికిల్ బండ్లవాళ్లంతా "డోలోరెస్ మకతాంగాయ్, సివిల్ ఇంజనీరు" అని అంచున రాసున్న ఎంపనాడాలు తిన్నారు. ఒక్కదాంట్లోంచి కూడా కూర బయటికి కారలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

సాయంత్రం మా అమ్మాయి ఇంటికొచ్చి ముద్ర పళ్ల మధ్య ఇరుక్కున్న పిండి చూసి కెవ్వుమంది.

"ఇనాయ్! అమ్మా, ఏం పనిది?"

"ఏమైందే? అరిగిపోయిందా?"

"ఇది దేనిమీద పడితే దానికి నేను పూచీ. రేపది కూలితే నన్నడుగుతారు, నా లైసెన్సు పీకుతారు. నా కాలితో నేను తొక్కి చూడనిదాని మీద ఈ ముద్ర పడకూడదు, తెలిసిందా?"

"అయితే ఎంపనాడాలు తొక్కి చూస్తావా ఏంటి?"

అది నవ్వలేదు. ఇంజనీరింగ్ చదవకముందు బాగానే నవ్వేది. పరీక్ష పాసైన మర్నాటి నుంచీ ఊళ్లో దానికి పేరు కూడా పోయింది. పెద్దా చిన్నా అందరూ "ఇంజనీర్" అనే పిలుస్తారు. కోపమొచ్చినప్పుడు నేనూ అలాగే పిలుస్తాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ముద్ర వేయను పొమ్మన్నందుకే రుఫీనా ఇంటికీ మా ఇంటికీ మాటలు ఆగిపోయాయి. రుఫీనా అంటే ఎవరనుకున్నారు? సరస్సు ఒడ్డున మా శాన్ గవినోలో సగం మందిని ఈ లోకంలోకి లాగిన మంత్రసాని. డోలోరెస్‌ని కూడా ఆవిడే లాగింది, బాప్టిజం రోజు ఎత్తుకుని దానికి నినాంగ్, అంటే జ్ఞానతల్లి అయింది. అప్పట్నుంచీ నేనూ ఆవిడా "మారె, మారె" అని పిలుచుకుంటాం. తోబుట్టువుల్లో కూడా అంత పొత్తు ఉండదు.

డోలోరెస్ పుట్టింది గుడ్ ఫ్రైడే రోజు. ఏసుప్రభువు శవం బొమ్మతో ఊరేగింపు మా వీధిలోకి తిరిగేసరికి నాకు నొప్పులు మొదలయ్యాయి. మా అత్తగారు మంచం పక్కన చేరి ఒకటే గోల. "ఈ రోజు పుట్టిన పిల్లకి బతుకంతా కన్నీళ్లే. రేపటిదాకా ఎలాగో ఆపవే!" నేనేమో బిగపట్టుకుని, "ఆగుతుందా? ఏమైనా చెయ్యొచ్చా?" అని రుఫీనాని అడిగాను. రుఫీనా చేతులు మోచేతులదాకా కడుక్కుంటూ మా అత్తగారి వైపు తిరిగి, "బిడ్డ క్యాలెండరు చూసి రాదు. క్యాలెండరు చూసే మంత్రసాని కావాలంటే ఇంకొకత్తెను వెతుక్కోండి!" అంది. ఊళ్లో ఏ బాప్టిజం విందు జరిగినా రుఫీనా ఈ కథ చెప్పాల్సిందే. పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్లదాకా ఆ ఆఖరి ముక్క అందరూ కలిసి అరుస్తారు.

అలాంటి రుఫీనా తన జీవితంలో ఒక్క కోరిక కోరింది. కాన్పుల ఇల్లు కట్టాలి. వానాకాలంలో సరస్సు నీళ్లు మోకాలిదాకా ఇళ్లలోకి వస్తాయి కాబట్టి కింద చూపించుకునే గది, పైన కాన్పుల గది. గీసిందీ కట్టించిందీ మా డోలోరెస్. మేస్త్రీ మంగ్ పిలో. నినాంగ్ ఇల్లని అది ఎండలో నిలబడి ఒక్కో ఇనప చువ్వా లెక్కపెట్టి మరీ కట్టించింది.

సెంట్రింగ్ విప్పిన రోజు రుఫీనా చెప్పులు విడిచి మొదటిసారి మెట్లెక్కింది. నేను కింద నిలబడి చూస్తున్నాను.

"ఓరో…" మొదటి మెట్టు, బంగారం. "ప్లాతా…" రెండోది, వెండి. "మతా…" మూడోది, చావు. మళ్లీ ఓరో. మా వైపు ఎవరు ఇల్లు కట్టినా మెట్లు ఇలాగే లెక్కపెడతారు, ఆఖరి మెట్టు చావు మీద పడకూడదు. రుఫీనా ఆయాసపడుతూ పైదాకా వెళ్లింది. "ఓరో… ప్లాతా…" ఆఖరి మెట్టు మీద కాలు పెట్టి "మతా" అంది. అని, రెండో కాలు గాల్లోనే ఆపేసి కొంగలా నిలబడిపోయింది.

"ఇంకొకటుంది నినాంగ్," కింద నుంచి అరిచింది డోలోరెస్. "గది నేల. అది పదహారోది. ఓరో! చూసే గీశాను."

"నేల మెట్టెలా అవుతుందే పిల్లా? నేల నేలే."

"కాలెత్తి పెడుతున్నారు కదా?"

"కాలెత్తి గడప కూడా దాటుతాను. గడప మెట్టా? పదిహేను మెట్లు. పదిహేను మతా!"

వచ్చింది చిక్కు. మా ఊళ్లో నేల కలిపి లెక్కపెడతాం. రుఫీనా పుట్టింది సరస్సు అవతలి ఒడ్డున. వాళ్లు నేల కలపరు. ఇన్నేళ్లు మారె మారె అనుకున్నాం కానీ ఈ సంగతి ఎవరికి తెలుసు? ఇక నా కొట్లో ఇదే గొడవ. లోమీ చల్లారిపోయి జిగురైపోతున్నా ఎవడూ చెంచా ముట్టడు, "నేల మెట్టే", "కాదు" అని బల్లలు చరుస్తారు. ఫాదర్ సెల్సోని అడిగితే చర్చికి ఇలాంటి మూఢనమ్మకాలతో సంబంధం లేదన్నారు. ఆయనుండే ఇంటి మెట్లు నేను లెక్కపెట్టాను లెండి. నేల కలిపినా, కలపకపోయినా చావు రాదు.

వారం తిరిగాక డోలోరెస్ ఆఖరి తనిఖీకి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను, మారెకి కాఫీ పట్టుకుని. అది మెట్ల దగ్గరికి వెళ్లిందో లేదో బొక్కబోర్లా పడబోయి కమ్మీ పట్టుకుంది. నెత్తిమీది పసుపు టోపీ దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. చూస్తే ఏముంది? మొదటి మెట్టు ముందు ఇంకో మెట్టు. నాలుగు వేళ్ల ఎత్తు. కింద నేలకి పరిచిన రంగు పలకలే దానికీ వేశారు, కళ్లు చించుకుని చూసినా ఆనదు.

"ఎవరు పెట్టారిది?" అంది డోలోరెస్.

మంగ్ పిలో వాన పడుతుందేమోనని ఆకాశం చూడటం మొదలుపెట్టాడు.

"నేనే పెట్టించాను," అంది రుఫీనా. "లెక్క కోసం. ఇప్పుడు మెట్లు పదహారు. నేల తీసేస్తే ఓరో, కలిపితే ప్లాతా. మీ ఊరూ హాయి, మా ఊరూ హాయి. నువ్వు ముద్ర కొట్టేస్తే వచ్చే శనివారం ఫాదర్ వచ్చి దీవిస్తారు."

డోలోరెస్ టేపు తీసి ఒక్కో మెట్టూ కొలిచింది. కొలవక్కర్లేదు, కళ్లకే తెలుస్తోంది. ఆ చిన్న మెట్టు నాలుగు వేళ్లు, దాని పైది కురచైపోయింది, ఆ పైవన్నీ మామూలు ఎత్తు.

"నినాంగ్, కాలికి కళ్లుండవు. మొదటి మెట్టు ఎంతుందో చూసుకుని, మిగతావన్నీ అంతేనని నమ్మి ఎక్కుతుంది. మీరు మొదట్లోనే దానికి అబద్ధం చెప్తున్నారు. ఇవి ఎవరెక్కే మెట్లు? పొట్ట అడ్డమొచ్చి తన పాదాలు తనకే కనపడని ఆడవాళ్లు. దిగేటప్పుడు చేతిలో పసిబిడ్డ."

"కమ్మీ ఉందిగా!"

"చేతిలో పసిబిడ్డ అంటున్నాను నినాంగ్. నా మాట వినండి. మెట్లు కొట్టేద్దాం. అంతే ఎత్తుని నేలతో కలిపి పదిహేడుగా సమంగా పంచి మళ్లీ కడతాను. మీరన్న లెక్కే వస్తుంది, ఎటు లెక్కపెట్టుకున్నా చావు రాదు. ఒక్కో మెట్టూ ఇప్పటికంటే తగ్గుతుంది, నొప్పులొచ్చే మనిషికి అదీ సుఖమే. నేల కలుపుతారా కలపరా అని మొదటే మిమ్మల్ని అడగాల్సింది. అడక్కపోవడం నా తప్పు."

"కొట్టేస్తావా? దీవించకముందే కొత్తింటి మెట్లు పగలగొడతావా? ఇంకేమైనా అరిష్టం మిగిలిందా అయితే?" రుఫీనా గొంతు లేచింది. "వానలొచ్చేస్తున్నాయి. ఎంతమంది నెలలు నిండి కూర్చున్నారో తెలుసా? నాలుగు వేళ్ల మెట్టు కోసం వాళ్లని ఏ నీళ్లలో కనమంటావు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి రుఫీనా. మా అమ్మాయి ఇంకా నయం, ఆ కుందేలు కాళ్లు టేపు పెట్టి కొలిచొస్తుంది. ఇద్దరి మధ్యా నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాను.

అప్పుడు రుఫీనా ఆ చిన్న మెట్టు మీదే కూలబడింది. అరుపు పోయింది, గొంతు మామూలైంది.

"నా చేతుల్లో ఒకే ఒక్కతి పోయింది. నీకు తెలుసుగా మారె, పడవలవాళ్ల కోడలు. రక్తం ఆగలేదు. ఎందుకు పోయిందో నాకు తెలుసు, లోపల చేతులు పెట్టినదాన్ని నేను. అయినా మర్నాడు మళ్లీ వెళ్లి ఆ ఇంటి మెట్లు లెక్కపెట్టాను. మతా. అప్పట్నుంచీ ఎవరింట మెట్లెక్కినా లెక్కపెట్టకుండా ఎక్కలేదు. ఇది నా ఇల్లు. ఇక్కడ చావు అనే మాట మీద ఒక్క ఆడది కాలు పెట్టడానికి వీల్లేదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకునేదేముంది, ఏడ్చాను. డోలోరెస్ కళ్లు కూడా తడయ్యాయి. ఇక మెత్తబడుతుంది, ముద్ర కొట్టేస్తుంది, ముగ్గురం కాఫీ తాగుతాం అనుకున్నాను.

"నినాంగ్," అంది అది, కళ్లు తుడుచుకుంటూ, "మెట్లొదిలేసి మతా చూసే ఇంజనీరు కావాలంటే ఇంకొకర్ని వెతుక్కోండి."

ఆ మాట ఎక్కడిదో అక్కడున్న అందరికీ తెలుసు. మంగ్ పిలో అలవాటుకొద్దీ సగం కలిసి అనేశాడు కూడా, పాపం. రుఫీనా మొహం ఎర్రబడింది.

"వెతుక్కుంటాను!" అంది.

వెతకాల్సిన అవసరమేముంది? పక్క టౌన్లో ఇంజనీర్ అనక్లీతో ఉన్నాడు. ఆయన్ని అందరూ ఇంజనీర్ పిర్మా అంటారు. పిర్మా అంటే సంతకం. ఎవరు కట్టినా, ఏం కట్టినా, వంకరగా కట్టినా ఆయన సంతకం తిన్నగానే ఉంటుంది. ట్రైసికిల్ దిగకుండా సీటు మీదే పెట్టి ముద్ర కొట్టేస్తాడు.

ఆ రాత్రి నుంచి నేను డోలోరెస్‌ని తినేశాను. "నాలుగు వేళ్లే! నీ పంతం నాలుగు వేళ్లంత లేదు, నాలుగు మూరలుంది! నిన్ను బయటికి లాగిన చేతులవి. వెళ్లి కొట్టు ఆ ముద్ర." అది టేపు చుట్టుకుంటూ కూర్చుంటుంది. "ఎవడో ఒకడు కొడతాడే, నువ్వు కొట్టకపోతే ఆ మెట్టు మాయమవుతుందా?" అంటే, "మాయమవదు. నా ముద్ర దాని మీద ఉండదు, అంతే," అంటుంది. అని ఊరుకుందా? మున్సిపాలిటీ ఆఫీసుకెళ్లి ఆ మెట్టు సంగతి వాళ్ల మొహం మీద చెప్పొచ్చింది. వాళ్లు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "మమ్మల్ని పుట్టించింది కూడా ఆవిడే, ఇంజనీర్," అన్నారట.

రాజీ చేద్దామని నేనే ఓ మధ్యాహ్నం పళ్లెం నిండా వేడివేడి ఎంపనాడాలు పెట్టుకుని రుఫీనా దగ్గరికి వెళ్లాను. పైనుంచి "పైకి రా మారె!" అంది. అదే పదివేలని గబగబా వెళ్లాను. వెళ్లి పడ్డాను. ఎంపనాడాలు పైదాకా ఎక్కాయి, నేను ఎక్కలేదు. మోకాలు చీరుకుపోయింది.

"మారె! ఏమైంది?"

"ఏం కాలేదు! నీ కొత్త పలకలు ఎంత చల్లగా ఉన్నాయో చూస్తున్నా!"

ఇంటికెళ్లాక డోలోరెస్ కట్టు చూసి, "ఏంటిది?" అంది.

"మేక పొడిచింది."

"ఎవరి మేక?"

"నాకేం తెలుసు? పేరు చెప్పి పొడవలేదు."

నేనొక్కదాన్నేనా? రంగులు వేసేవాడు పడ్డాడు, మంచాలు మోసుకొచ్చినవాళ్లు మంచంతో సహా పడ్డారు, మందుల పెట్టెలు తెచ్చినావిడ పడింది. ఒక్కళ్లు నోరు విప్పితే ఒట్టు. తమని కాళ్లు పట్టుకుని బయటికి లాగిన మనిషి మొహం మీద "నీ మెట్లు బాలేవు" అని ఎలా అంటారు? అందరూ తేలు కుట్టిన దొంగల్లా మోకాళ్లు తుడుచుకుని, "భలే ఉన్నాయి నానాయ్ రుఫీనా, మీ మెట్లు!" అని పొగిడి మరీ కుంటుకుంటూ పోయారు. ఊళ్లో ఆ వారం పట్టీలకి కరువొచ్చింది.

శనివారం దీవెన. వీధంతా బల్లలు, కాల్చిన పంది, పాన్సిత్, పిల్లల గోల. ఇంజనీర్ పిర్మా తెల్ల చొక్కా వేసుకొచ్చి, కాల్చిన పంది పక్కనే కాగితం పెట్టుకుని ముద్ర కొట్టేసి, ఆ చేత్తోనే కరకరలాడే చర్మం విరుచుకున్నాడు. మా అమ్మాయి పిలవకపోయినా వచ్చింది. వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ మెట్లకెదురుగా వేసుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూస్తూ కూర్చుంది తప్ప ఒక్క ముద్ద తినలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫాదర్ సెల్సో పవిత్రజలం చల్లుకుంటూ మెట్ల దగ్గరికొచ్చారు. "ఈ ఇంట అడుగుపెట్టే ప్రతి ఒక్కరినీ…" అంటూ అడుగుపెట్టారు. పెట్టి, రెండు మోకాళ్ల మీదా కూలిపోయారు. పవిత్రజలం మొత్తం ఇంజనీర్ పిర్మా తెల్ల చొక్కా మీద పడింది.

ఫాదర్ మోకాళ్ల మీదే ఉండి, సిలువ గుర్తు వేసుకుని, "ప్రార్థిద్దాం," అన్నారు.

ఊరంతా మోకరిల్లింది. ఏం చేస్తాం మరి? నా మోకాలు మీద పుండుంది, దాని మీదే మోకరిల్లాను. పక్కకి చూస్తే సగం మంది మొహాలు నాలాగే వంకర్లు పోతున్నాయి. డోలోరెస్ కుర్చీలోంచి మోకాళ్ల మీదికి దిగుతూ మా అందరి మొహాలూ వరసగా చూసింది. ఆ చూపు నా వైపొచ్చేసరికి నేను కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించాను.

సరిగ్గా అప్పుడే వీధి చివర ట్రైసికిల్ మోత. ఎడ్మార్ బండి. పక్క సీట్లో వాడి పెళ్లాం జెనెలిన్, రెండు చేతుల్తో పైకప్పు పట్టుకుని అరుస్తోంది. రావాల్సిన రోజుకంటే ముందే వచ్చేసింది. బల్లలు పక్కకి లాగారు, ఎవరో పందిని ఎత్తి పట్టుకున్నారు. ఎడ్మార్ పెళ్లాన్ని చేయిపట్టి దింపాడు. జెనెలిన్ కళ్లు మూసుకునే నడుస్తోంది, పాపం, నొప్పికి ముందేముందో కూడా చూడటం లేదు. తిన్నగా మెట్ల వైపు.

డోలోరెస్ కుర్చీ తన్నేసి లేచింది. అది నోరు తెరిచేలోపే ఇంకో గొంతు వీధి దద్దరిల్లేలా అరిచింది.

"ఎడ్మార్! ఆ మెట్ల మీద దాన్ని కాలు పెట్టనివ్వకు!"

రుఫీనా. అరిచింది రుఫీనాయే.

వీధంతా ఆవిడ వైపు తిరిగింది. జెనెలిన్ కూడా ఒక్క క్షణం నొప్పి మర్చిపోయి కళ్లు తెరిచింది. రుఫీనా తన నోట్లోంచి ఏమొచ్చిందో అప్పుడు విన్నట్టుంది. డోలోరెస్ వైపు చూసింది. నేనైతే ఆ క్షణంలో "చెప్పలేదూ!" అనకుండా చచ్చినా ఉండలేను. డోలోరెస్ ఒక్క ముక్క అనలేదు. వెళ్లి జెనెలిన్ రెండో జబ్బ పట్టుకుంది.

"కింది గదిలోకి," అంది రుఫీనా. "నీళ్లు మరగబెట్టండి. మగాళ్లంతా వీధిలోకి. ఆ పందిని అవతల పెట్టండిరా!"

కింది గదిలో, చూపించుకునే బల్ల మీద, ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినపడగానే వీధంతా చప్పట్లు. అసలు పని మర్చిపోయి మళ్లీ తిండి మీద పడదామనుకుంటున్నాం, రుఫీనా తలుపు తీసుకుని బయటికొచ్చింది. చేతులు మోచేతులదాకా తడి. ఆ చిన్న మెట్టు పక్కన నిలబడి మమ్మల్నందర్నీ చూసింది.

"దీని మీద ఎవరెవరు పడ్డారు?"

అందరం చేతుల్లో పళ్లేల్లోకి చూసుకున్నాం.

"నేను బయటికి లాగినవాళ్లు నాకు అబద్ధం చెప్పకండి."

ముందు ఫాదర్ సెల్సో చెయ్యెత్తారు. "అది ప్రార్థన కాదు," అన్నారు చిన్నగా. తర్వాత రంగులవాడు. మంచాలవాళ్లు. మందులావిడ. మంగ్ పిలో రెండు చేతులూ ఎత్తాడు, కట్టిన రోజే రెండుసార్లు పడ్డాడట. చేతులు లేస్తూనే ఉన్నాయి.

"మేక లేదు," అన్నాను నేను, డోలోరెస్ వైపు చూడకుండా.

"తెలుసు ఇనాయ్," అంది అది.

"నేను పడలేదండీ," అన్నాడు ఇంజనీర్ పిర్మా, తడి చొక్కా పిండుకుంటూ.

"నువ్వు ఎక్కితేగా పడటానికి!" అంది రుఫీనా. "ఎక్కావా?"

"నా మోకాళ్లు బాగోవండీ. ఎత్తు తక్కువ మెట్టేగా, ఏమవుతుందిలే అని…"

రుఫీనా ఆయన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులోనే కుక్కింది. తర్వాత మంగ్ పిలో దగ్గర సమ్మెట అందుకుంది. రెండు చేతుల్తో ఎత్తలేక ఎత్తి, మా అమ్మాయి వైపు తిరిగింది. దాన్ని పుట్టినప్పట్నుంచీ "పిల్లా" అనడం తప్ప ఇంకోలా పిలిచిన మనిషి కాదు.

"ఇంజనీర్," అంది. "ఎక్కడ కొట్టాలో చూపించు."

డోలోరెస్ వేలు పెట్టి చూపించింది. రుఫీనా కొట్టింది. పలక ఒకటి విరిగి లేచి కాల్చిన పంది మీద పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత నా తిప్పలు ఎవరడిగారు? మెట్లు పగలగొట్టారు, పైకి దారి లేదు, వానలొచ్చాయి, సరస్సు లేచి కింది గదిలోకి నడిచొచ్చింది. కాన్పులు ఎక్కడ జరగాలి? నా లోమీ కొట్టు మేడ మీద! కింద నేను నూడుల్స్ గరిటె తిప్పుతుంటే పైన ఒకావిడ అరుపులు. తినేవాళ్లు లోమీ మీద సిలువ గుర్తు వేసుకుని తినేవాళ్లు. అయినా బేరం పెరిగింది, అది వేరే సంగతి.

కొత్త మెట్లు ఆరేదాకా ఆగింది డోలోరెస్. పదిహేడు ఎత్తులూ టేపు పెట్టి కొలిచింది. పైకెక్కింది, దిగింది, కళ్లు మూసుకుని ఎక్కింది, ఎంపనాడాల పళ్లెం చేతికిచ్చి నన్ను ఎక్కించింది. ఒక్కటీ కింద పడలేదు. అప్పుడు తీసింది ముద్ర. కాగితం మీద కర్రుమని నొక్కింది. పిండి ఇంకా కాస్త పళ్లలో ఉందేమో, అక్షరాలు ఒకచోట కొంచెం మసకగా వచ్చాయి. అది నా వైపు చూసింది, నేను ఆకాశం వైపు చూశాను.

ముద్ర పడ్డాక మొదట పైకెక్కాల్సింది రుఫీనా. ఆ రోజు జెనెలిన్ పిల్లని చూపించడానికి తెచ్చింది. పిల్ల ఏడుస్తోందని రుఫీనా దాన్ని అందుకుని, "ఏమ్మా, ఏమ్మా, పందిని అవతల పెట్టించి మరీ పుట్టావుగా, ఇంకా ఏడుపెందుకే నీకు?" అని దాంతో ముచ్చట్లు చెప్తూ మెట్లెక్కడం మొదలుపెట్టింది. కింద ఊరంతా మెడలు ఎత్తుకుని చూస్తున్నాం. ఆవిడ కాళ్ల వైపు చూసుకోవడం లేదు, పిల్ల మొహంలోకే చూస్తోంది. ఒక్క అడుగు కూడా తడబడలేదు. పైకి చేరి, గది నేల మీద కాలు పెట్టి, టక్కున ఆగిపోయింది.

వెనక్కి తిరిగింది. మొహంలో రక్తం లేదు.

"మారె," అంది. "లెక్కపెట్టడం మర్చిపోయాను."

పడవలవాళ్ల కోడలు పోయిన తర్వాత ఇన్నేళ్లలో ఇదే మొదటిసారని అక్కడున్న చాలామందికి తెలియదు. నాకు తెలుసు. డోలోరెస్‌కి తెలుసు. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రుఫీనా పైన, చేతిలో పిల్లతో, ఏడవాలో నవ్వాలో తెలియనట్టు నిలబడింది. పిల్ల ఏడుపు మానేసి ఆవిడ ముక్కు పట్టుకుంది.

"ఫరవాలేదు మారె," అని అరిచాను. "నేను పెట్టానులే. నీ లెక్కలో ఓరో!"